రంగు వేయించే ముందు రేకు చూపించమని అడగండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఏటా ఆయుధపూజ దగ్గరపడే కొద్దీ చెన్నైలో కార్లకు రంగు వేసే షెడ్లు కిక్కిరిసిపోతాయి. పండుగనాటికి బండి మెరవాలని సొంత కార్లవాళ్ళు, ఎఫ్.సి. (బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యమని ఇచ్చే ధ్రువపత్రం) గడువు ముంచుకొచ్చిందని టాక్సీలవాళ్ళు, ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునేలోగా పని ముగించుకోవాలని మిగతావాళ్ళు ఒకేసారి వచ్చి పడతారు. బాడుగ బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్.సి. చేయించక తప్పదు గనుక పాతబడిన బండ్లే ఎక్కువసార్లు ఈ షెడ్లకు వస్తాయి. మేస్త్రికి ఊపిరి సలపదు, బండి యజమానికి ఓపిక ఉండదు. ఈ తొందరలో ప్రతిసారీ ఒకే పనికి కోత పడుతుంది. అది పాత రంగునూ, దాని కింద దాగిన తుప్పునూ రేకు కనబడేదాకా తీసే పని. పై మెరుపు ఎవరికైనా కనిపిస్తుంది. ఈ పని మాత్రం ప్రైమర్ (రంగుకు ముందు రేకు మీద వేసే అడుగు పూత) పడిన మరుక్షణం నుంచి ఎవరి కంటికీ కనిపించదు. కొత్త రంగు రెండేళ్ళు నిలుస్తుందా, పదేళ్ళు నిలుస్తుందా అన్నది మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది. చెన్నైలో ఉంటున్న తెలుగు పాఠకులకు, ముఖ్యంగా ఈ షెడ్లలో పనిచేస్తున్న మనవాళ్ళకు ఈ విషయం మీ పత్రిక ద్వారా చేరాలని ఈ లేఖ రాస్తున్నాను.

నా అనుభవంతో మొదలుపెడతాను. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు సైదాపేటలో మా వీధిలో నిలిపి ఉంచిన మా మారుతి 800 తలుపుల సగం దాకా మురుగునీటిలో రెండు రోజులు నానింది. ఇంజనూ వైరింగూ బాగుచేయించుకున్న తర్వాత, తలుపుల కింది అంచుల్లోనూ వెనక చక్రాల మీది వంపుల్లోనూ రంగు లేచిపోతుండడం చూసి, మొత్తం బండికి రంగు వేయించడానికి ఒక షెడ్డులో అప్పగించాను. పన్నెండో రోజున బండి ఇంటికి వచ్చింది. తెల్లగా, తళతళలాడుతూ, షోరూము నుంచి అప్పుడే దిగినట్టు ఉంది. మా ఇంట్లోవాళ్ళు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. తొమ్మిది నెలలకు ఎడమవైపు ముందు తలుపు కింది అంచున ఆవగింజంత పొక్కు కనిపించింది. మరో నెలకు అది కందిగింజంత అయింది, పక్కనే ఇంకో నాలుగు లేచాయి.

ఒక ఆదివారం ఉదయం నేల మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని, ఆ పొక్కును గోటితో నొక్కి చూశాను. మెత్తగా లోపలికి దిగింది. చాకుమొనతో అంచును పైకెత్తితే అరచేతిలో సగం ఉన్న పెచ్చు ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. దాని అంచును వెలుతురుకు పెట్టి చూస్తే పొరలన్నీ లెక్కపెట్టవచ్చు: పైన పలచటి కొత్త తెలుపు, దాని కింద బూడిదరంగు ప్రైమర్, దాని కింద దాదాపు మూడు మిల్లీమీటర్ల మందాన లేత ఆకుపచ్చ లప్పం (సొట్టలు పూడ్చే ముద్ద), ఆ లప్పానికి అడుగున అతుక్కుని బండికి మొదట వేసిన పాత రంగు తాలూకు ముక్కలు, వాటి వెనక చెమ్మగా ముదురు ఎరుపు పొడి. తలుపు రేకు మీద ఆ పెచ్చు ఉన్న చోట నల్లటి గుంటలు, గుంటల అంచుల్లో గోధుమరంగు పొలుసులు కనిపించాయి. వేలు పెడితే చెమ్మ తగిలింది. వారం రోజులుగా వాన లేదు. పాత రంగు తీయలేదు, తుప్పు తీయలేదు, దాని మీదనే లప్పం మెత్తి నున్నగా చేశారని ఆ ఒక్క పెచ్చు చూస్తే అర్థమైపోయింది. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. పని జరుగుతున్నప్పుడు ఒక్కసారైనా వెళ్ళి చూసి ఉండవలసిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తుప్పు మీద రంగు ఎందుకు నిలవదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "తుప్పు మీద మంచి ప్రైమర్ కొడితే గాలి తగలక అదే ఆగిపోతుంది" అన్న మాట చాలామంది నోట వింటాను. అది నిజం కాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు, ఏర్పడే ఆక్సైడ్ రకాన్ని బట్టి, మొదటి లోహం కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు పైనున్న రంగు ఎంత గట్టిదైనా లేవక తప్పదు. పైగా తుప్పు గట్టి పొర కాదు, సన్నటి రంధ్రాలతో నిండిన స్పంజి లాంటిది. తేమనూ ఉప్పునూ తనలో దాచుకుంటుంది. సముద్రతీర నగరంలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ తుప్పుగుంటల అడుగుకు చేరి, ఇనుముతో కలిసి, మళ్ళీ విడివడి, తాను ఖర్చు కాకుండానే లోహాన్ని తింటూపోతుంది. కారు రేకు మందం ఎంతో తెలుసా? ముప్పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని మీద కర్మాగారంలో వేసే రంగు పొరలన్నీ కలిపినా సుమారు మిల్లీమీటరులో పదో వంతు. గుంట ఒకసారి పడ్డాక రేకు చిల్లు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

తుప్పును వదిలేయడం ఒక తప్పయితే, దాన్ని తీసిన తర్వాత కూడా మళ్ళీ పుట్టించే అలవాటు ఒకటి మన షెడ్లలో పాతుకుపోయింది. అది నీళ్ళతో రుద్దడం. లప్పం పెట్టి, ఆరాక, వాటర్ పేపరును బకెట్టులో ముంచి ముంచి రుద్దుతారు. చెన్నైలో సాన కాగితాన్ని తమిళంలో ఉప్పుత్తాళ్ అంటారు, మన మేస్త్రీలూ అదే మాట వాడతారు. ఆ బకెట్టులో నీళ్ళు బోరుబావి నుంచి వచ్చినవైతే, తీరానికి దగ్గరి పేటల్లో ఆ నీటిలోనూ ఉప్పు ఉంటుంది. కారుకు వాడే పాలిస్టర్ లప్పంలో ప్రధానంగా కలిసేది టాల్క్ పొడి. రంగు పడేదాకా అది తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. తడిగా రుద్దినప్పుడు లప్పం నీళ్ళు తాగుతుంది, దాని అంచుల్లో బయటపడిన రేకు తడుస్తుంది. సాయంత్రం ఆరింటికి పని ఆపి బండిని అలాగే వదిలి వెళతారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే రేకు మీద నారింజరంగు పలచటి పూత ఉంటుంది. ఉతికిన బట్టల మీద పడే బీరువా మరకలాగా. దాన్ని గుడ్డతో తుడిచి ప్రైమర్ కొట్టేస్తారు. తుడిచినది పైపై పొడి మాత్రమే. లప్పం లోపల ఉన్న నీళ్ళూ, గీతల్లో మొదలైన తుప్పూ ప్రైమర్ కింద బందీ అయిపోతాయి. ఎండలో బండి నిలబెట్టినప్పుడు ఆ నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది. నా తలుపు మీద పొక్కులు లేచింది చాలావరకు ఇలాగే అని నా నమ్మకం. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. తడిగా రుద్దడం పై పొరలకు, అంటే కింద రేకు పూర్తిగా మూసుకుపోయిన తర్వాత చేయవలసిన నునుపు పనికి పరిమితం కావాలి. లప్పం కూడా వట్టి రేకు మీద కన్నా ఎపాక్సీ ప్రైమర్ మీద పెట్టడమే మేలు, ఆ ప్రైమర్ తేమను రేకు దాకా పోనివ్వదు.

రెండోసారి బండిని, చెన్నైలో పాత బండ్ల విడిభాగాలకు పేరున్న పుదుప్పేటలో చాలాకాలం పనిచేసి, తర్వాత సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయనది నెల్లూరు వైపు. నేను రంగు ఏ కంపెనీది వేస్తారని అడిగితే, "రంగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం సార్, ముందర రేకు ఎంత మిగిలుండాదో చూడాల" అన్నాడు. ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది. ఆయన మొదట చేసిన పని, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగులు, తలుపుల లోపలి అట్టలు, లైట్లు, బంపర్లు అన్నీ విప్పించడం. టేపు అంటించి పక్కనుంచి కొట్టేస్తే రబ్బరు కింద ఉన్న తుప్పు అలాగే ఉండిపోతుందనీ, ముందు అద్దం చుట్టూ మొదలయ్యే చిల్లులన్నీ అక్కడివేననీ చెప్పాడు. తర్వాత చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపు మీద నెమ్మదిగా జరుపుతూ పోయాడు. అది పట్టు తప్పిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. అక్కడ లప్పం మందంగా ఉన్నట్టు లెక్క. సుత్తి పిడితో తట్టి చప్పుడు విన్నాడు. తలుపు అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి, అవి మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి తీశాడు; వరదనాటి ఒండ్రు ఇంకా అందులోనే ఉంది. స్క్రూడ్రైవరు మొనను అంచు వెంబడి గట్టిగా నొక్కుతూ వెళితే రెండు చోట్ల టక్కున లోపలికి దిగిపోయింది. ఆ రెండు చోట్లా ఏ మందూ పనిచేయదు, కోసి కొత్త రేకు అతికించాల్సిందే అన్నాడు. అలాగే చేశాడు.

పాత రంగు తీయడంలో ఆయన చూపిన జాగ్రత్త గురించి రాయకుండా ఉండలేను. చదునుగా ఉన్న చోట 80 నంబరు డిస్కుతో, గుండ్రంగా తిరుగుతూ అదురుతూ ఉండే సాండరు వాడాడు. సాండరును ఒకేచోట నిలపనివ్వలేదు. ప్రతి నిమిషానికీ ఎడమ అరచేతిని రేకు మీద ఆనించి వేడి చూసుకునేవాడు. అరచెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపి పక్క భాగానికి పోయేవాడు. ముప్పావు మిల్లీమీటరు రేకు వేడికి సాగితే అలలు తేలుతుంది, ఆ అలలు పోగొట్టడానికి మళ్ళీ లప్పమే దిక్కు. కుర్రాడొకడు గ్రైండరుకు తీగల బ్రష్షు తగిలించి తుప్పు మీద పెట్టబోతే ఆయన ఆపాడు. ఆ బ్రష్షు తుప్పును తీసినట్టే కనిపించి, నిజానికి గుంటల్లో మిగిలినదాన్ని తోమి నల్లగా మెరిపిస్తుందట. మెరిసేదంతా ఇనుమే అనుకుని దాని మీద ప్రైమర్ కొడతారట. నేను భూతద్దం పెట్టి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నిగనిగలాడే చోట్ల గుంటల అడుగున ముదురు చుక్కలు అలాగే ఉన్నాయి.

ఆ చుక్కలను తీయడానికే ఆమ్లం కావాలి, అయితే ఏ ఆమ్లమన్నది చాలా ముఖ్యం. మరుగుదొడ్లు కడగడానికి వాడే చవక హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొన్ని షెడ్లలో తుప్పు మీద పోస్తారు. తుప్పు చిటికెలో కరిగిపోతుంది, నిజమే. కానీ అది వదిలివెళ్ళే క్లోరైడే పైన చెప్పిన మొదటి శత్రువు. దాని పొగకు ఆ షెడ్డులో గోడకు తగిలించిన స్పానర్లు కూడా వారంలో ఎర్రబడతాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారంగా తయారైన మందు తుప్పును కరిగిస్తూనే, మిగిలిన ఇనుము మీద పలచటి ఐరన్ ఫాస్ఫేట్ పొరను ఏర్పరుస్తుంది. మేస్త్రి దాన్ని కుంచెతో గుంటల్లోకి పట్టించి, ఆరిపోనివ్వకుండా తడిగా ఉంచుతూ, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, హాట్ గన్నుతో మడతల లోపలి దాకా ఆరబెట్టాడు. ఆమ్లం మిగిలిపోతే ఎపాక్సీ ప్రైమర్ సరిగా పట్టుకోదు గనుక కడగడం తప్పదు, కడిగాక ఆరబెట్టడంలో ఆలస్యం చేస్తే కొత్త తుప్పు మొదలవుతుంది గనుక అక్కడ తీరిక ఉండదు. మిగిలిన తుప్పును నల్లటి పొరగా మార్చే కన్వర్టర్ మందులు కూడా దొరుకుతాయి. చెయ్యీ కాగితమూ చేరని పెట్టె భాగాలకు అవి మంచివే కానీ, తీయగలిగిన తుప్పును తీయకుండా వాటిని పూసి చేతులు దులుపుకోవడం సరికాదు.

రేకు బయటపడ్డ రోజే ప్రైమర్ పడాలన్నది ఆయన నియమం. అందుకే బండి మొత్తాన్ని ఒకేసారి గీకించలేదు. ఒక రోజు ఒక తలుపు, మరో రోజు ఒక ఫెండరు చొప్పున, పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి నాలుగింటిలోగా ఎపాక్సీ ప్రైమర్ కిందికి చేర్చాడు. రెండు రోజులు మబ్బుపట్టి గాలి చెమటలా ఉంటే పని ముట్టనే లేదు. రేకు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ మంచుగా పేరుకునే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలని ఉక్కు నిర్మాణాలకు రంగు వేసేవారు పాటించే ప్రమాణం. మేస్త్రికి ఆ లెక్క తెలియదు, ఆయన తడిగుడ్డతో రేకును ఒకసారి తుడిచి ఆ తడి ఎంతసేపటికి ఆరుతుందో చూసేవాడు. రెండింటి సారం ఒకటే.

ఇంతా చదివి ప్రతి కారునూ నిలువునా గీకించమంటున్నానని అనుకోవద్దు. అది ఇంకో రకం నష్టం. ఇప్పటి కార్ల బాడీని కర్మాగారంలో విద్యుత్తు సాయంతో ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు. చాలా కార్ల రేకులకు జింకు పూత కూడా ఉంటుంది. ఏ షెడ్డులోనూ అలాంటి పూత మళ్ళీ వేయలేరు. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉండి, పగుళ్ళూ పొక్కులూ లేకపోతే, దాన్ని గరుకుచేసి దాని మీదే వేయడం మంచిది. తుప్పు ఉన్న చోటు మాత్రం గట్టి రంగు కనిపించేదాకా వెడల్పుగా తీసి, అంచును 320 నంబరు కాగితంతో మెట్టు తెలియకుండా పలచబరచాలి. కొన్ని కార్ల బానెట్లు అల్యూమినియంవి. కాస్టిక్ సోడా కలిసిన మందులు వాటిని తినేస్తాయి. ఇసుక బ్లాస్టింగు, అంటే గాలి ఒత్తిడితో ఇసుకను చిమ్మి గీకడం, చాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) పనికొస్తుంది, బానెట్టు లాంటి విశాలమైన పలచటి రేకును మాత్రం సాగదీసి పాడుచేస్తుంది.

ఇక ఈ లేఖ రాయడానికి నన్ను ఎక్కువగా పురిగొల్పిన విషయానికి వస్తాను. ఆ మేస్త్రి దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు, ముగ్గురూ మన జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. సందుల్లో, మడతల్లో సాండరు దూరని చోట పాత రంగును మెత్తబరచడానికి పెయింట్ రిమూవర్ పూస్తారు. పూసిన పది నిమిషాలకు రంగు పాలమీగడలా ముడతలు పడి లేస్తుంది, పట్టీతో గీకితే వచ్చేస్తుంది. ఇలాంటి మందుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నది మిథిలీన్ క్లోరైడ్. అది సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. చెన్నై మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ వేడి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. దాని ఆవిరి గాలి కన్నా బరువైనది, అందుకే నేలబారుగా, కారు లోపల, పని గుంతలో పేరుకుంటుంది. ఊపిరితో లోపలికి పోయిన దానిలో కొంత భాగం శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. మూసిన గదుల్లో దీనితో పనిచేస్తూ కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనల తర్వాత, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2019లో మామూలు వినియోగదారులకు అమ్మే రంగు తొలగింపు మందుల్లో దీన్ని నిషేధించింది; 2024లో ఆ నిషేధాన్ని పరిశ్రమల్లోని అనేక వాడకాలకూ విస్తరించింది. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు దీన్ని ఏమాత్రం ఆపదు, మందుల దుకాణంలో దొరికే మాస్కు కూడా ఆపదు. బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా తయారయ్యే రిమూవర్లు నెమ్మదిగా పనిచేస్తాయి, ధర ఎక్కువ, కానీ మనిషిని ఇలా దెబ్బతీయవు. ఏ మందు వాడినా మడతల్లో మిగలకుండా కడగకపోతే ఆర్నెల్లకు కొత్త రంగు అదే చోట ముడతలు పడుతుంది, అది వేరే సంగతి.

పొడిగా రుద్దితే లేచే దుమ్ము సంగతీ అంతే. లప్పాన్ని పొడిగా రుద్దమని పైన నేనే రాశాను. దుమ్మును పీల్చే గొట్టం సాండరుకు తగిలించి, సరైన మాస్కు పెట్టుకుని రుద్దాలని దానికి ఇక్కడ జోడిస్తున్నాను. పాత అంబాసిడర్, పద్మినీ కార్లు, లారీలు, వ్యాన్ల మీది రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ రంగుల్లోనూ ఎర్ర ప్రైమర్లలోనూ సీసం ఉండే అవకాశం ఉంది. రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) పరిమితం చేస్తూ కేంద్రం 2016లో చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి, కానీ అవి ఇళ్ళకు వేసే రంగులకే వర్తిస్తాయి. వాహనాల రంగులు ఆ పరిధిలోకి రావు. ఆ కుర్రాళ్ళు వేసుకున్న చొక్కాలతోనే ఇంటికి వెళ్ళి పసిపిల్లలను ఎత్తుకుంటారు. సీసం పెద్దల కన్నా పిల్లల మెదడుకు చేసే హాని ఎక్కువ. ఇసుక బ్లాస్టింగు చేసేవారికి ఇసుక ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, దానికి నయం చేసే మందు లేదు. బ్రిటన్‌లో పోత సామాన్లను శుభ్రం చేసే బ్లాస్టింగులో ఇసుక వాడకాన్ని 1949 నాటి నిబంధనలతోనే మాన్పించారు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టంలో సీసం విషమూ సిలికోసిస్సూ వైద్యులు తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో ఉండేవి. అయితే ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డు ఆ చట్టం పరిధిలోకి వచ్చేది కాదు, పదిమంది లేనిదే ఇ.ఎస్.ఐ. (కార్మికుల ఆరోగ్య బీమా) కూడా వర్తించేది కాదు. దుమ్ము మాత్రం నలుగురున్న షెడ్డులోనూ అంతే లేస్తుంది.

అందువల్ల నా విన్నపాలు ఇవి. బండి యజమానులు ఎస్టిమేటు రాయించుకునేటప్పుడు పాత రంగు, తుప్పు తీసే కూలిని విడిగా ఒక పద్దుగా రాయించుకోవాలి, దానికి న్యాయమైన డబ్బు బేరమాడకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని జరగదు. మేస్త్రి మోసగాడు కావడం వల్ల మాత్రమే కాదు, ఆ కూలి గిట్టదు కాబట్టి. ప్రైమర్ వేసే ముందు ప్రతి ప్యానెలుకూ రేకు బయటపడిన స్థితిలో ఫొటో తీయించుకోవాలి, వీలుంటే స్వయంగా వెళ్ళి చూడాలి. పండుగ ముందరి తొందరలో, వానలు ముంచుకొచ్చే రోజుల్లో రేకు దాకా గీకే పని పెట్టుకోకుండా, సంక్రాంతి వెళ్ళాక పొడి రోజులు మొదలైనప్పుడు పెట్టుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నీళ్ళలో మునిగిన కార్ల యజమానులు రంగు లేవకపోయినా తలుపుల అడుగు రంధ్రాలు, కాళ్ళ కింది తివాచీ ఎత్తి దాని కింది నేల రేకు ఒకసారి చూపించుకోవాలి. గిండీ ఐ.టి.ఐ. వంటి చోట్ల ఈ వృత్తి నేర్పేవారు స్ప్రే గన్ను పట్టుకోవడానికి ఇచ్చినంత సమయం రేకు తీయడానికీ ఇవ్వాలని కోరుతున్నాను. రంగు డబ్బాల మీద, రిమూవర్ డబ్బాల మీద హెచ్చరికలు ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటున్నాయి. వాటిని వాడే చేతులు తెలుగు, తమిళం, హిందీ చదివేవాళ్ళవి. గీకిన రంగు తుక్కూ, రిమూవర్ బురదా 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వచ్చే సరుకు. దాన్ని వాననీటి కాలువలోకి తోసేస్తే అది అడయారు, కూవం నదుల్లోకే పోతుంది. కార్పొరేషన్ వారు పుదుప్పేట వంటి చోట్ల దానికి ప్రత్యేకంగా ఒక సేకరణ కేంద్రం పెడితే చిన్న షెడ్లవాళ్ళు తప్పక తెచ్చి ఇస్తారని నాతో మాట్లాడిన మేస్త్రీలు అన్నారు.

మీ పత్రిక ఒక ఆదివారం అర పేజీ కేటాయించి, రిమూవరు, ఆమ్లం, పొడి దుమ్ము, టూకే రంగుల్లో (రెండు భాగాలు కలిపి వాడే రంగుల్లో) గట్టిపరిచే ద్రావణంలోని, ఊపిరికి హానిచేసే ఐసోసైనేట్లు, ఈ నాలుగింటి విషయంలో ఏ మాస్కు వాడాలో, ఏది పనికిరాదో తెలుగులో పెద్ద అక్షరాలతో వేయగలిగితే, దాన్ని కత్తిరించి నాకు తెలిసిన షెడ్ల గోడలకు అంటించే బాధ్యత నేను తీసుకుంటాను.

ఈ లేఖతో రెండు ఫొటోలు జతపరిచాను. మొదటిది పొక్కు నుంచి ఊడిన పెచ్చు అంచు. పొరలు తెలియడానికి పక్కన స్కేలు పెట్టాను. రెండోది అదే తలుపు, ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన తర్వాత, ప్రైమర్ పడడానికి అరగంట ముందు తీసినది. కింది అంచున కొత్తగా అతికిన రేకూ, వెల్డింగు గీతా, నల్లచుక్క ఒక్కటి కూడా లేని గుంటలూ కనిపిస్తాయి. ఒకటే ప్రచురించడానికి చోటుంటే రెండోదాన్ని ప్రచురించండి. రేకు ఎలా ఉన్నప్పుడు సరేననాలో మన పాఠకులు చాలామంది చూసి ఉండరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
సైదాపేట, చెన్నై